పలుభాషల కొలువు: గండికోట మొదలు అమెరికా వరకు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో నేడు అమెరికా మాట వినబడని వీధి అరుదు. పులివెందులలో 2006వ సంవత్సరమున ఇంజనీరింగు కళాశాల, వేంపల్లె దాపున ఇడుపులపాయలో 2008వ సంవత్సరమున జనులు ట్రిపుల్ ఐటీ అని పిలుచు విద్యాలయము వెలసినవి. ఉన్నత విద్య ముగించి విదేశముల వంక చూచు యువతీయువకులు ఈ సీమలో ఇప్పుడు ఎందరో కలరు. వారిలో పలువురికి ఇంటిలో తెలుగు, అంగడిలో ఉరుదూ, తరగతిలో ఆంగ్లము, సినిమాలలో హిందీ, బళ్లారి బెంగుళూరుల రాకపోకలలో కన్నడము అలవడియున్నవి. కావున ప్రయాణము నిశ్చయమైన ఇంట ఒక ప్రశ్న పుట్టుట సహజము. ఇన్ని భాషలు వచ్చినవానికి అమెరికాలో ఏ పట్టణము అనుకూలము? మనవారు ఎక్కువగా ఉన్న చోటికి పొమ్మని ఒకరు, జీతము ఎక్కువగా ఇచ్చు చోటికి పొమ్మని మరియొకరు సలహా చెప్పుదురు. అప్పు చేసి పంపు కుటుంబమునకు ఇది వేడుకకు వేసికొను ప్రశ్న కాదు. నిర్ణయము తప్పినచో ఏండ్ల తరబడి వడ్డీ కట్టవలసి వచ్చును.

ఈ ప్రశ్న అమెరికాతో పుట్టినది కాదు. పలుభాషలు నేర్చి కొలువు వెదకుకొనువారు పెన్నా తీరమునకు కొత్తవారు కారు. అట్టివారు ఏ ఊరిని ఎంచుకొనిరో, వారి భాషలకు ఎప్పుడు ధర పలికెనో, ఎప్పుడు పడిపోయెనో పరిశీలించినచో నేటి ప్రశ్నకు కొంత సమాధానము దొరకునని మా అభిప్రాయము.

జమ్మలమడుగునకు పడమటగా పెన్నా గండిపై నిలిచిన గండికోట 1650వ సంవత్సరమున పెమ్మసాని నాయకుల చేతినుండి గోలకొండ మంత్రి మీర్ జుమ్లా వశమైనది. ఈ మీర్ జుమ్లా పారశీక దేశమున ఇస్ఫహాను పరిసరములందలి అర్దిస్తానులో ఒక పేద నూనెవర్తకుని ఇంట పుట్టెను. చదువు, వ్రాత నేర్చి, ఒక వర్తకుని వద్ద గుమాస్తాగా గోలకొండ చేరెను. పారశీకము మాటలాడు పట్టణములు ఆతని దేశముననే అనేకము కలవు. కాని అచ్చట ఆ భాష వచ్చుట గొప్ప కాదు, అందరికిని వచ్చును. గోలకొండలో ప్రజలు తెలుగువారు, దర్బారు పారశీకము, సరకు వజ్రములు. అచ్చట పారశీకము వ్రాయగల గుమాస్తాకు విలువ ఏర్పడెను. ఆతడు వజ్రముల వ్యాపారము నేర్చి, మచిలీపట్టణపు అధికారియై, తుదకు మంత్రి పదవి నందెను.

1652వ సంవత్సరమున తావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను దర్శించెను. మంత్రి తన చేతివ్రేళ్ల నడుమను, కాలివ్రేళ్ల నడుమను ఉత్తరములు ఇరికించుకొని, ఒక్కొక్కటి తీయుచు, లేఖకులచేత ప్రత్యుత్తరములు వ్రాయించుచుండెనని ఆ వర్తకుడు తన యాత్రాగ్రంథమున వ్రాసినాడు. అదే కోటలో ఫిరంగులు పోతపోయు పనిలో ఒక ఫ్రెంచివాడు ఉండెను. నేల తెలుగు, ఏలిక పారశీకుడు, ఫిరంగి పనివాడు ఫ్రెంచివాడు, అతిథి మరియొక ఫ్రెంచివాడు! అట్టి చోట ఒకరి మాట మరియొకరికి చేరవేయు మనిషి లేనిదే ఏ పనియు సాగదు. పలుభాషలు తెలిసినవానికి నిజమైన పట్టణము ఇట్టిదే. జనాభా పెద్దది కానక్కరలేదు. రెండు భాషలు ఎదురుపడి, నడుమ మూడవవాడు లేక నిలిచిపోవు చోటు కావలెను.

తరువాతి శతాబ్దమున కడపసీమ మరింత విచిత్రమైన పరీక్షకు లోనైనది. మయానా నవాబుల రాజ్యము 1780 నాటికి మైసూరు హైదరాలీ పాలైనది. 1792లో శ్రీరంగపట్టణపు సంధి వలన అది నైజామునకు చేరినది. 1800లో నైజాము దానిని ఇంగ్లీషు కుంపిణీకి దత్తము చేసెను. అనగా 1780కి ముందు పనిలో చేరిన ఒక గుమాస్తా ఇరువది ఏండ్లలో ఊరు కదలకయే నలుగురు ఏలికలను చూచెను. గ్రామకరణము లెక్కలు తెలుగున వ్రాయును. పై కచేరీలలో మరాఠీ లెక్కలు నడచును. నవాబుల నాటి ఫర్మానాలు పారశీకమున ఉండును. 1800 తరువాత వచ్చిన దొరకు ఇవన్నియు ఆంగ్లమున కావలెను. దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా 1800 మొదలు 1807 వరకు పనిచేసిన తామస్ మన్రో స్వయముగా దేశభాషలు నేర్చినవాడు. అయినను ఊరూరి కొలతల కాగితము కరణము చేతినుండి కలెక్టరు బల్లమీదికి చేరులోపల భాషలు మారుచుండెను. భాష మారిన ప్రతి మెట్టువద్దను ఒక కొలువు ఉండెను.

ఆ కొలువులలో మిక్కిలి పేరుపొందినది దుబాసీ కొలువు. రెండు భాషలవాడు అను అర్థమున ద్విభాషి అను మాటయే వాడుకలో దుబాసీ అయినది. చెన్నపట్టణము దుబాసీల పట్టణము. అచ్చట తమిళము, తెలుగు, ఉరుదూ, మరాఠీ, ఆంగ్లము ఒకే వీధిలో వినవచ్చుచుండెను. ఒంగోలు సీమవాడైన వెన్నెలకంటి సుబ్బారావు 1784లో జన్మించి, చిన్ననాటనే తండ్రిని కోల్పోయి, ఒక్కొక్క కొలువునకు ఒక్కొక్క భాష చొప్పున నేర్చుకొనుచు, కన్నడ దేశమునను పనిచేసి, తుదకు చెన్నపట్టణపు సదర్ అదాలతు న్యాయస్థానమున 1815 మొదలు 1829 వరకు అనువాదకుడుగాను, దుబాసీగాను ఉద్యోగము చేసెను. ఆయన ఆంగ్లమున వ్రాసికొనిన స్వీయచరిత్ర 1873లో అచ్చయినది. పలుభాషల ఉద్యోగార్థి జీవితమునకు మన జాతిలో దానిని మించిన తొలి సాక్ష్యము అరుదు. ఆ పట్టణపు సుప్రీం కోర్టులోనే ఏనుగుల వీరాస్వామయ్యగారు దుబాసీగా ఉండి, 1830వ సంవత్సరమున సెలవు తీసికొని, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా కాశికి పయనమైరి. వీరు చెన్నపట్టణమును తమ భాష మాటలాడువారు హెచ్చుగా ఉన్నారని ఎంచుకొనలేదు. న్యాయస్థానము సాక్షి మాటను తెలిసికొనక తీర్పు చెప్పజాలదు. కనుక ఆ మాటను తెలుపువానికి జీతమిచ్చుట న్యాయస్థానమునకు తప్పనిసరి. అవసరము ఒక్కటియే చాలదు, ఆ అవసరమునకు సొమ్ము చెల్లింపవలసినవాడు కూడ ఉండవలెను.

పట్టణమనగా మహానగరమే కావలెనను నియమము లేదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820 ఆగస్టులో ఉద్యోగిగా కడపకు వచ్చి తెలుగు నేర్చుట మొదలిడెను. తరువాత అచ్చటనే బంగళా కొని, స్వంత సొమ్ముతో పండితులను పెట్టి, వ్రాతప్రతులు సేకరించి, పాఠములు సరిచూపించెను. జూలూరి అప్పయ్య వంటి పండితులు ఆ పనిలో ఆయనకు తోడ్పడిరి. అప్పటి కడప చిన్న ఊరు. అయినను సంస్కృతాంధ్రములు తెలిసిన పండితునకు ఆ ఒక్క బంగళాలో దొరకిన పని పెద్ద పట్టణములలో దొరకియుండదు. అట్టి శ్రమ ఫలముగానే 1852లో బ్రౌను నిఘంటువు వెలువడినది. నేడు ఆ బంగళా ఉండిన స్థలముననే ఆయన పేర గ్రంథాలయము నడచుచున్నది.

ఇంతవరకు చెప్పినది లాభము. నష్టమును కూడ చెప్పవలెను. 1837లో కుంపిణీ ప్రభుత్వము పారశీకమును కచేరీలనుండి తొలగించుటకు చట్టము చేసెను. తరతరములుగా ఆ భాషనే నమ్ముకొనిన మున్షీల చదువునకు ధర పడిపోయెను. మన రెవిన్యూ కచేరీలలోని మరాఠీ లెక్కలును అదే శతాబ్దమున క్రమముగా అంతరించినవి. భాష చావలేదు. దానికి జీతమిచ్చు ఆజ్ఞ మాత్రము పోయెను. పారశీకముతోపాటు భూమి లెక్కలో, న్యాయశాస్త్రమో ఎరిగినవాడు ఆంగ్లము నేర్చి నిలిచెను. భాష తప్ప వేరేమియు ఎరుగనివాడు నిలువలేకపోయెను. ఈ సంగతిని అమెరికా ప్రయాణము సందర్భమున మరువరాదు.

మన కాలమునకు దగ్గరగా ప్రొద్దుటూరు ప్రజలు కన్నులార చూచిన బహుభాషావేత్త పుట్టపర్తి నారాయణాచార్యులవారు. 1914లో అనంతపురము జిల్లా చియ్యేడులో పుట్టి, పదునాలుగు భాషలు ఎరిగినవారని ప్రసిద్ధికెక్కిన ఆచార్యులవారు కేరళమునకును పోయి పనిచేసిరి. విశ్వనాథ సత్యనారాయణగారి ఏకవీర నవలను మలయాళమునకు తెచ్చిరి. కాని వారి శివతాండవము రూపొందినది ప్రొద్దుటూరిలో. వారికి ఉపాధి నిచ్చినది ఈ సీమ పాఠశాలలలోని ఉపాధ్యాయవృత్తి. 1972లో పద్మశ్రీ వచ్చినను, పదునాలుగు భాషలలో దేనికిని విడిగా జీతము రాలేదు. భాషలు వారి పాండిత్యమునకు రెక్కలైనవి, బోధన వారి కుటుంబమునకు అన్నము పెట్టినది. కావున చరిత్ర మనకు చెప్పునవి మూడు మాటలు. రెండు భాషలు తప్పక ఎదురుపడు చోటు చూడవలెను. ఆ నడుమ నిలుచువానికి జీతమిచ్చు బాధ్యత ఎవరిదో తెలిసికొనవలెను. భాషతోపాటు వేరొక విద్యను చేతనుంచుకొనవలెను.

ఇక అమెరికా సంగతి. ఆ దేశము 1917 చట్టముతో ఆసియావాసులలో అధికసంఖ్యాకులకు తలుపులు మూసినది. 1946లో భారతీయులకు ఏటా నూరుమందికి మాత్రము అనుమతి కలిగినది. 1965 చట్టము తరువాతనే చదువుకొన్న మనవారు పెద్దసంఖ్యలో పోగలిగిరి. 1977లో ఉత్తర అమెరికా తెలుగువారి తొలి మహాసభ న్యూయార్కులో జరిగినది. అక్కడి జనగణన శాఖ లెక్కలనుబట్టి 2010 మొదలు 2017 వరకు ఇంటిలో తెలుగు మాటలాడువారి సంఖ్య 86 శాతము పెరిగినది. అంతటి వేగముతో పెరిగిన భాష మరియొకటి ఆ పట్టికలో లేదు. డల్లాసు, న్యూజెర్సీ ప్రాంతములలో తెలుగు వినుటకు కరవు లేదు. ఈ వార్త విని, తెలుగువారు హెచ్చుగా ఉన్నచోట తెలుగు వచ్చినవానికి కొలువు సులభమని పలువురు తలంతురు. దూరపు కొండలు నునుపు. అచ్చటి తెలుగువారు చాలవరకు ఇంజనీరులు, వైద్యులు, విద్యార్థులు. వారికి ఆంగ్లము వచ్చును, దుబాసీతో పనిలేదు. అచ్చట లభించునది ఆశ్రయము, అన్నము, ఉద్యోగపు కబురు. ఇవి చిన్నవి కావు. కాని అవి భాషకు వచ్చిన ధర కాదు, బంధుత్వమునకు వచ్చిన ఫలము.

న్యూయార్కును చూడుడు. ఐక్యరాజ్యసమితి అచ్చటనే ఉన్నది. కాని దాని అధికార భాషలు ఆంగ్లము, ఫ్రెంచి, స్పానిష్, రష్యన్, చీనా, అరబ్బీ అను ఆరు మాత్రమే. భారతీయ భాష ఒక్కటియు లేదు. కనుక మన విద్యార్థికి ఆ సౌధము దర్శనీయమే గాని ఉపాధి కాదు. అదే పట్టణపు నగరపాలనను చూచినచో సంగతి వేరు. 2017లో చేసిన స్థానిక చట్టము ప్రకారము నగర కార్యాలయములు ముఖ్యమైన కాగితములను పది భాషలలోనికి అనువదింపవలెను. ఆ పదింటిలో తెలుగు లేదు, హిందీ లేదు. ఉరుదూ ఉన్నది! ప్రొద్దుటూరు అంగళ్లలో చెవినబడిన ఉరుదూను లిపితో సహా శ్రద్ధగా నేర్చినవానికి న్యూయార్కులో అది మాతృభాషకంటె ఎక్కువ పనికిరావచ్చును. షికాగో గల కుక్ కౌంటీలో 2012 ఎన్నికలనాటికి ఓటుపత్రములు హిందీలోను అచ్చయినవి. ఇట్లు ఒక్కొక్క పట్టణము ఒక్కొక్క భాషను చట్టముచే గుర్తించును. ఏ భాష గొప్పదని విచారింపక, ఏ పట్టణపు చట్టములో ఏ భాష పేరున్నదో విచారించుట మేలు.

దీనికంటె పెద్ద క్షేత్రము వైద్యశాల. జమ్మలమడుగువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. లండన్ మిషనువారి క్యాంబెల్ ఆసుపత్రి అచ్చట వెలసిన నాడు వైద్యుడు పరాయి దేశమువాడు, రోగి ఆ పల్లెవాడు. నొప్పి ఎచ్చటనో, ఎట్టిదో చెప్పు మాట తారుమారైనచో మందే విషమగును. నేడు అమెరికాలో కుమారుని చూడవచ్చిన మన ఊరి వృద్ధమాత ఆ రోగి స్థానమున ఉన్నది. 1964 పౌరహక్కుల చట్టము, 2010 ఆరోగ్య సంరక్షణ చట్టములోని 1557వ విభాగము ప్రభుత్వ ధనము పొందు ఆసుపత్రులపై భాషాసహాయపు బాధ్యతను మోపినవి. పసిపిల్లలచేత తల్లి వ్యాధిని అనువదింపజేయరాదని, అత్యవసరమున తప్ప అది తగదని ఆ నియమములు పలుకుచున్నవి. పదేండ్ల మనుమడు అవ్వ కడుపులోని వ్యాధిపేరు మొదట తాను విని, తరువాత ఆమెకు చెప్పవలసివచ్చుట ఎంత క్రూరమో ఊహించినచో ఈ నియమపు విలువ తెలియును. ప్రపంచములోనే పెద్దదని పేరుపొందిన వైద్యశాలల సముదాయము టెక్సాసు రాష్ట్రమునందలి హ్యూస్టనులో ఉన్నది. అట్టి పట్టణములలో వైద్య దుబాసీలకు పని కలదు. జాతీయ ధ్రువపత్రమునకు కనీసము 40 గంటల శిక్షణ కావలెను. అయితే పూర్తి భాషాపరీక్ష స్పానిష్, అరబ్బీ, మాండరిన్ వంటి కొన్ని భాషలకే ఉన్నది. తెలుగునకు లేదు. సమాఖ్య న్యాయస్థానములలో 1978 చట్టము దుబాసీల పదవిని స్థిరపరచినను, వారి ధ్రువపత్రపు పరీక్ష నేడు స్పానిష్ భాషకు మాత్రమే జరుగుచున్నది.

విద్యారంగమున చిన్న ఊరు పెద్ద ఊరిని మించిన ఉదాహరణ ఒకటి కలదు. విస్కాన్సిన్ రాష్ట్రమునందలి మాడిసన్ పట్టణపు విశ్వవిద్యాలయమున వెల్చేరు నారాయణరావుగారు 1970ల ఆరంభము మొదలు దశాబ్దముల కాలము తెలుగు బోధించిరి. న్యూయార్కు ముందు మాడిసన్ పల్లె వంటిది. కడపలో బ్రౌను బంగళా ఎట్లో, తెలుగు చదువునకు మాడిసన్ అట్లు. కాని ఇట్టి పదవులు వ్రేళ్లమీద లెక్కింపదగినవి.

మరియొక మార్పు పట్టణపు ప్రశ్ననే మార్చివేసినది. 1982లో కాలిఫోర్నియాలో టెలిఫోనుపై అనువాదము చేయు సేవ మొదలైనది. వియత్నాం నుండి వచ్చిన శరణార్థుల మాట పోలీసులకు తెలియకపోవుటయే దానికి కారణము. నేడు ఒక ఊరి ఆసుపత్రిలోని రోగికి మరియొక రాష్ట్రమున తన ఇంట కూర్చున్న దుబాసీ మాట వినిపించును. రేడియో ముందు కూర్చుండు మనకు కంఠము దూరమును జయించుట వింత కాదు. కనుక అనువాదమే చేయదలచినవాడు అద్దె తక్కువైన ఊర ఉండియు చేయవచ్చును.

ఇవన్నియు చెప్పినను ఒక కఠిన సత్యము మిగిలియున్నది. మన విద్యార్థికి పట్టణమును ఎంచుకొను స్వాతంత్ర్యము పూర్తిగా లేదు. చదువు ముగిసిన పిమ్మట పండ్రెండు నెలలు, విజ్ఞాన ఇంజనీరింగు శాఖలవారికి 2016 నియమము ప్రకారము మరి ఇరువదినాలుగు నెలలు, చదివిన శాఖకు సంబంధించిన పనినే చేయవలెను. ఆ తరువాతి హెచ్-1బి అనుమతి ఒక యజమానితో ముడిపడియుండును. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించుచు అధ్యక్షుని ప్రకటన వెలువడినది. ఇంజనీరింగు చదివిన యువకుడు భాషల నిపుణుడైనంత మాత్రమున దుబాసీగా మారి ఆ దేశమున నిలుచుటకు వీలుపడదు. ఆతనికి ప్రధానవృత్తి చదివిన విద్య, భాషలు దానికి తోడు.

అంతేకాదు, 1837 నాటి పారశీకపు కథకు పోలిన సంఘటన అచ్చటను జరిగినది. ప్రభుత్వ శాఖలు పరభాషలవారికి సహాయము చేయవలెనని 2000లో వెలువడిన అధ్యక్షుని ఉత్తరువును 2025 మార్చి 1న మరియొక ఉత్తరువు రద్దుచేసి, ఆంగ్లమును అధికార భాషగా ప్రకటించెను. 1964, 2010 చట్టములు మాత్రము నిలిచియున్నవి. ఉత్తరువుపై ఆధారపడిన కొలువునకును, శాసనసభ చేసిన చట్టముపై ఆధారపడిన కొలువునకును గల భేదము ఇందుచే తెలియును. దీనికి తోడు సామాన్యమైన ఉత్తరములను యంత్రములే అనువదించు కాలము వచ్చినది. తప్పు దొరలినచో ప్రాణమో, స్వేచ్ఛయో పోవు చోట్ల మనుష్యుని బాధ్యత ఇంకను తప్పలేదు.

ఈ చరిత్రనుబట్టి మేము చెప్పగలిగినది ఇది. ఇంటిపెద్దలు పట్టణము పేరును ముందు అడుగవద్దు. నేర్చిన విద్యకు ఎచ్చట పని దొరకునో ముందు చూడుడు. అట్టి పట్టణములు రెండు మూడు తేలినప్పుడు, వానిలో మీ భాషలకు చట్టముచేతనో, ఆసుపత్రిచేతనో, విద్యాలయముచేతనో విలువ దొరకు పట్టణమును ఎంచుకొనుడు. బంధువుల అండ మొదటి ఆరుమాసములకు లెక్కింపదగినది, జీవితమునకు కాదు. పిల్లలకు ఉరుదూ చెవికి వచ్చినచో కంటికిని నేర్పుడు, తెలుగు నోటికి వచ్చినచో వ్రాతకును నేర్పుడు. సగము వచ్చిన భాషకు ఏ పట్టణమునను కొలువు లేదు. మీర్ జుమ్లా నాడు గండికోటలో ఉత్తరములు వ్రాసిన లేఖకులనుండి నేడు టెలిఫోనులో రోగి మాట వినిపించు దుబాసీ వరకు నిలిచినవారు అనేక భాషలు ఎరిగినవారే కారు, ఎరిగిన భాషను తప్పులేకుండ ఎరిగినవారు.